ఒక్క నొక్కునకు హక్కుదారెవరు?

గత దసరా సెలవులలో మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు తండ్రితో కూడ మా యింటికి వచ్చెను. అతడిప్పుడు పూనాలో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. తండ్రి యిక్కడనే షోలాపురములో నాలుగు సాంచెలు నడుపుకొనుచు తువాళ్లు, చాదర్లు నేయించును. దళారి చేతికి పోకుండ ఆ చాదర్లను ఆన్‌లైనులో తామే అమ్ముకొనవలెనని కుమారుడొక చిన్న అంగడిని కట్టుచుండెను. అంగడి యనగా ఇటుకలతో కట్టునది కాదు, ఫోనులో కనబడునది. బొమ్మ చూచుట, నచ్చినదానిని బుట్టలో వేయుట, సొమ్ము చెల్లించుట: ఇంతియే దాని స్వరూపము. పని సగమైన పిమ్మట అతని స్నేహితుడొకడు, “బుట్టకు పేటెంటున్నది, ఒక్క నొక్కుతో కొనుటకు పేటెంటున్నది, కోర్టు నోటీసు వచ్చును జాగ్రత్త” అని బెదరగొట్టెనట.

“సారూ, బుట్ట కూడ ఒకరి సొత్తగునా?” అని ఆ బాలుడు నన్నడిగెను. వాడు నాకింకను బాలుడే.

ఆ దినమున నేను సమాధానము చెప్పలేకపోతిని. తెలుగును లెక్కలును చెప్పుకొను ఉపాధ్యాయునకు అమెరికా వ్యాజ్యముల సంగతి యేమి తెలియును? కొంత గడువిమ్మని పంపివేసితిని. తరువాత చదివి తెలిసికొన్న విషయములను ఇచ్చట వ్రాయుచున్నాను. మన తలిదండ్రులలో అనేకుల పిల్లలు నేడు ఇదే వృత్తిలో నున్నారు. మిగిలినవారును ఫోనులో వస్తువులు కొనుచునే యున్నారు. కావున ఇది అందరకును పనికివచ్చు పాఠమే యని నా తలంపు.

ముందుగా పేటెంటు అను మాట. ఇది లాటిను భాషలో ‘తెరచియుండుట’ అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. పూర్వము ఐరోపా రాజులు చుట్టి ముద్రవేసి మూసివేయక, ఎల్లరును చదువునట్లు తెరచి యిచ్చెడి ఆజ్ఞాపత్రములకు ఆ పేరుండెను. పేటెంటనగానే మనము దాచుకొనుట అనుకొందుము. చిత్రమేమనగా దాని మూలార్థము బయటపెట్టుట! నిజమునకిది యొక బేరము. క్రొత్త యుక్తిని కనుగొన్నవాడు దానిని ఇతరులు చేయగలుగునంత వివరముగా వ్రాసి ప్రభుత్వమునకు సమర్పింపవలెను. అందులకు బదులుగా ప్రభుత్వము కొంత కాలము ఇతరులు దానిని చేయకుండ అడ్డుకొను హక్కు నతనికిచ్చును. నేడు మన దేశమందును అమెరికాయందును ఆ గడువు దరఖాస్తు నాటినుండి 20 సంవత్సరములు. గడువు తీరగానే ఆ యుక్తి లోకమున కంతటికిని చెందును. అయితే ఆ యుక్తి నిజముగా క్రొత్తది కావలెను. ఆ విద్యలో ఆరితేరినవానికి సహజముగా తోచునది కాకూడదు. ఈ రెండు నియమముల మీదనే కోట్ల డాలర్ల వ్యాజ్యములు నడచుచున్నవి.

ఇది గ్రంథస్వామ్యము వంటిది కాదు. మన పిల్లవాడు వ్రాసిన ప్రోగ్రామును మరియొకడు అక్షరము మార్చక ఎత్తుకొనిపోయినచో అది గ్రంథచౌర్యము. మన చట్టము కంప్యూటరు ప్రోగ్రామును కావ్యము, కథలవలె సాహిత్యకృతిగనే లెక్కించును. పేటెంటు మరియొక మెట్టు పైకి పోవును. ఒక కవి తాను వ్రాసిన ఆటవెలదులు తనవని చెప్పుకొనుటలో అన్యాయము లేదు. కాని ఆటవెలది ఛందస్సే తనదనియు, ఇరువది యేండ్ల పర్యంతము ఎవరును ఆ గణములతో పద్యము వ్రాయరాదనియు అన్నచో? నీ అంతట నీవే కూర్చుండి, ఎవరి పద్యమును చూడకయే వ్రాసినను తప్పే యగును. సాఫ్టువేరు పేటెంటును గూర్చి అమెరికాలో గొడవ లేచినది ఇచ్చటనే.

ఇక అసలు కథ. అమెజాన్ అను సంస్థ 1995 జూలైలో సియాటిల్ నగరమున ఆన్‌లైను పుస్తకాల అంగడిగా తలుపులు తెరచినది. అప్పటి పద్ధతిలో పుస్తకము కొనవలెనన్న పేరు, చిరునామా, కార్డు సంఖ్య వ్రాసి, సరియేనా యని చూచుకొని, మరల మరల మీటలు నొక్కి పుట వెంబడి పుట దాటవలసియుండెను. నడుమ విసుగుపుట్టి వెడలిపోవువారు పెక్కురు. అందులకు అమెజాన్ వారొక ఉపాయము చేసిరి. కొనువాడు మొదటిసారి యిచ్చిన వివరములను తమ కంప్యూటరులో భద్రపరచిరి. అతని కంప్యూటరులో ఒక చిన్న గుర్తుచీటీని ఉంచిరి. మరల అతడు వచ్చినపుడు ఆ చీటీవలన ఇతడు ఫలానావాడని తెలియును. పుస్తకము ప్రక్కనున్న మీటను ఒక్కసారి నొక్కినచో చాలు, బుట్ట లేకుండ, ప్రశ్నలు లేకుండ కొనుగోలు ముగిసిపోవును. కొద్ది వ్యవధిలో వేరువేరుగా నొక్కిన వస్తువులను ఒకే పొట్లములో చేర్చి పంపు ఏర్పాటును కూడ వారు ఆలోచించిరి.

దీనికై 1997 సెప్టెంబరు 12న దరఖాస్తు పెట్టిరి. 1999 సెప్టెంబరు 28న 59,60,411 అను సంఖ్యతో అమెరికా పేటెంటు లభించినది. కనుగొన్నవారిగా వ్రాయబడిన నలుగురిలో సంస్థాధిపతి జెఫ్ బెజోస్ ఒకడు.

పత్రము చేతికి వచ్చి నెల తిరుగకముందే, అక్టోబరు 21న, అమెజాన్ తన పోటీదారైన బార్న్స్ అండ్ నోబుల్ అను పుస్తక సంస్థపై సియాటిల్ న్యాయస్థానమున దావా వేసెను. ఆ సంస్థ అంతకు ముందటి సంవత్సరమే ‘ఎక్స్‌ప్రెస్ లేన్’ అను పేరుతో ఒక్క నొక్కు పద్ధతిని ప్రవేశపెట్టియుండెను. డిసెంబరు 1న, అనగా క్రిస్మసు బేరములు ముమ్మరముగా సాగు నెల మొదటి దినముననే, న్యాయమూర్తి మార్షా పెక్మన్ తాత్కాలిక నిషేధాజ్ఞ నిచ్చెను. ప్రతివాదులేమి చేసిరో ఊహింపుడు. ఒక్క నొక్కు నిషిద్ధము గనుక కొనువాడు రెండవసారి కూడ నొక్కునట్లు మార్చివేసిరి! ఇద్దరు బలవంతులు కోట్లు వెచ్చించి ఒక మీటను ఒకసారి నొక్కుటయా, రెండుసార్లు నొక్కుటయా యని వాదులాడుట మొదట నాకు హాస్యాస్పదముగా తోచినది. కాని రెండవ నొక్కుకు పూర్వమే మనసు మార్చుకొను మనుష్యులెందరుందురో వర్తకమెరిగినవానికి తెలియును. మా యింటిలో మనుమరాలు ఫోను పట్టుకొన్ననాడు, ఆ రెండవ నొక్కు ఉన్న అంగళ్లే మేలని నాకు తోచును.

ఇంతకును ఆ యుక్తి క్రొత్తదేనా? నా చిన్ననాటి సంగతి చెప్పెదను. మా వాడలో ఒక కిరాణా దుకాణముండెను. మా నాయన గుమ్మము దగ్గర నిలుచుండి, “సేటూ, ఎప్పటివలెనే” అని ఒక్క మాట యనిన చాలును. సేటుకు మేమెవరమో తెలియును, మా యిల్లు తెలియును, ఏ నూనె వాడుదుమో తెలియును. ఉద్దెర పుస్తకములో మా పేరిట పద్దు పడును. సామాను సాయంకాలమునకు ఇంటికి వచ్చును. పేరు, చిరునామా, సొమ్ము తీసికొను మార్గము ముందే వ్రాసి యుంచుకొని, ఒక్క సంజ్ఞతో బేరము ముగించుట గాక మరేమున్నది? అమెరికాలో పేటెంటును విమర్శించిన పలువురు ఇట్టి వాదమునే చేసిరి. అమెజాన్ పక్షము వారి సమాధానము వేరు: ఇంత సులభమైనదే యైనచో అంతకు ముందు ఇంటర్నెట్టు అంగళ్లవారెవరికిని ఏల తోచలేదు? బుట్ట పద్ధతికే అందరును ఏల అంటిపెట్టుకొని యుండిరి? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. చూచిన తరువాత సులభమనిపించుట వేరు, చూడకముందు తోచుట వేరు. లెక్క పరిష్కారము నల్లబల్లపై చూచిన పిదప తరగతిలో ప్రతివాడును “నాకు తెలిసినదే” యనును.

పై న్యాయస్థానము 2001 ఫిబ్రవరి 14న ఆ నిషేధాజ్ఞను కొట్టివేసెను. ఆ తీర్పు జాగ్రత్తగా చదువదగినది. ప్రతివాదులు పేటెంటు పరిధిని అతిక్రమించినట్లే కనబడుచున్నదని ఆ న్యాయమూర్తులు కూడ అంగీకరించిరి. అయితే పేటెంటే చెల్లునా యను విషయములో గట్టి సందేహము కలదనిరి. ఆ సందేహమునకు ఆధారములలో ఒకటి కంప్యూసర్వ్ అను పాత సంస్థ వారి ఏర్పాటు. 1990ల నడుమ దాని చందాదారులు షేర్ల ధరల పటమును చూడగోరినచో 50 సెంట్ల రుసుము వారి లెక్కలో పడి పటము వెంటనే కనబడెడిది. అది వెబ్బు కాదు, వేరొక తంతి వ్యవస్థ. కాని పని అటువంటిదే. క్రింది న్యాయస్థానము దానిని పరిగణింపక పోవుట పొరపాటని పైవారు నిర్ణయించిరి.

తుది విచారణ జరుగనే లేదు. 2002 మార్చిలో ఉభయులును రాజీపడిరి. షరతులు బయటికి రాలేదు. ఒక్క నొక్కు క్రొత్తదా, ప్రాతదా యని ఆ న్యాయస్థానము చివరకు చెప్పనే లేదు! ఇంతలో యాపిల్ సంస్థ 2000 సెప్టెంబరులోనే అమెజాన్‌కు రుసుము చెల్లించి తన ఆన్‌లైను దుకాణమునకు ఆ పద్ధతిని వాడుకొను అనుమతి పొందియుండెను. బలవంతుడు ఇట్లు సొమ్ము చెల్లించి పోగలడు. చిన్న అంగడివాడు న్యాయవాది ఫీజు తలచుకొనియే మీటను తీసివేయును. నాకీ కథలో ముల్లువలె గ్రుచ్చుకొన్నది ఇదియే. పేటెంటు చెల్లునో చెల్లదో తేలకముందే దాని భయము పనిచేయును.

ఈ మధ్యలో మరియొక ముచ్చట జరిగినది. టిమ్ ఓరైలీ అను ప్రసిద్ధ పుస్తక ప్రచురణకర్త 2000వ సంవత్సరములో బెజోస్‌కు బహిరంగ లేఖ వ్రాసి, ఈ పేటెంటును విడిచిపెట్టుమని కోరెను. వేలకొలది జనులు సంతకములు చేసిరి. బెజోస్ పేటెంటును విడువలేదు గాని, మార్చి నెలలో తానును ఒక బహిరంగ లేఖ వ్రాసి, సాఫ్టువేరు పేటెంటుల గడువును 3 మొదలు 5 సంవత్సరములకు తగ్గింపవలెననియు, పేటెంటు ఇచ్చుటకు ముందు ప్రజల అభ్యంతరములు వినవలెననియు సూచించెను. హక్కును అనుభవించుచునే హక్కు మితిమీరినదని చెప్పుట! పాత ఆధారములు తెచ్చినవారికి బహుమానములిచ్చు ఒక సంస్థకు అతడును ఓరైలీయును కలిసి ధనసహాయము కూడ చేసిరి. ఒక్క నొక్కు పేటెంటును పడగొట్టు ఆధారమునకు 10,000 డాలర్ల బహుమతి ప్రకటింపబడెను. పూర్తిగా పడగొట్టు ఆధారము దొరకలేదు.

అటుపిమ్మట 2006లో న్యూజిలాండు దేశస్థుడైన ఒక నటుడు, వకీలు కానివాడు, ఈ పేటెంటును మరల పరీక్షింపుడని అమెరికా పేటెంటు కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనెను. అర్జీ రుసుమును అతని పాఠకులు చందా వేసికొని కట్టిరి. 2007లో కార్యాలయము పేటెంటులోని హక్కులలో ఎక్కువ భాగమును ప్రాథమికముగా తిరస్కరించినది. అమెజాన్ తన వాక్యములను కొంత కుదించుకొని, బుట్ట పద్ధతిని కూడ కలిగియున్న అంగడికి మాత్రమే వర్తించునట్లు మార్చగా, 2010లో కార్యాలయము దానిని స్థిరపరచెను. ఇదే యుక్తిని ఐరోపా పేటెంటు కార్యాలయమువారు నిరాకరించిరి. 2011లో అచ్చటి అప్పీలు మండలియు ఆ నిరాకరణనే సమర్థించెను. కెనడాలో మొదట నిరాకరించి, న్యాయస్థానములు తిరుగ పరిశీలింపుమనగా, 2012లో మంజూరు చేసిరి. ఒకే నొక్కు ఒక దేశములో ఆవిష్కరణ, మరియొక దేశములో కాదు! అమెరికాలో 2017 సెప్టెంబరులో 20 యేండ్ల గడువు తీరి ఆ పేటెంటు ముగిసినది. మా శిష్యుని స్నేహితుడు బెదరించిన ఆ హక్కు ఇప్పుడు సజీవముగా లేదు.

ఇక బుట్ట సంగతి. ఓపెన్ మార్కెట్ అను అమెరికా సంస్థ 1994లోనే ఇంటర్నెట్టు అంగడిలో వస్తువులను ఒకచోట చేర్చుకొని తరువాత సొమ్ము చెల్లించు పద్ధతికి దరఖాస్తు పెట్టి, 1998లో పేటెంటు పొందినది. కాలక్రమమున ఆ పేటెంటులు చేతులు మారి సోవరెయిన్ అను సంస్థకు చేరినవి. అది చాదర్లో పుస్తకములో అమ్ము అంగడి కాదు. పేటెంటులను చేతబట్టుకొని అంగళ్లను అడుగుచు వచ్చినది. అమెజాన్ అంతటి సంస్థ, ఒక్క నొక్కుకు తాను వాదిగా నిలిచినది, ఇచ్చట ప్రతివాది యై 2005లో 4 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను. కత్తి రెండువైపులను తెగునని పెద్దలూరకయే అనలేదు.

కాని న్యూఎగ్ అను కంప్యూటరు సామానుల అంగడి రాజీకి ఒప్పుకొనలేదు. 2007లో టెక్సాసు రాష్ట్రములో దానిపై దావా పడినది. 2010లో జ్యూరీ 25 లక్షల డాలర్లు చెల్లింపవలెనని నిర్ణయించెను. చెల్లించి ఊరకుండుట చౌక. పోరాడుట ఖర్చు. అయినను న్యూఎగ్ అప్పీలు చేసెను. 2013 జనవరి 22న పై న్యాయస్థానము ఆ బుట్ట పేటెంటు హక్కులు చెల్లవని తీర్పు చెప్పినది. కారణము మరల ఆ కంప్యూసర్వే! 1984లోనే దాని ‘ఎలక్ట్రానిక్ మాల్’ అను అంగడిలో చందాదారుడు ఓ అను ఆంగ్లాక్షరమును నొక్కినచో వస్తువు అతని సొంత దాపుపట్టీలో చేరెడిది. అన్నియు చేరిన తరువాత మరియొక ఆజ్ఞ వ్రాసినచో ఆర్డరు పోయెడిది. ఇది బుట్ట కాక మరేమి? ఉన్న వస్తువును ఇంటర్నెట్టులోనికి మార్చుట ఆ విద్య తెలిసినవానికి సామాన్యమైన పనియే యని న్యాయమూర్తులు చెప్పిరి. 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును మరల విచారించుటకు అంగీకరింపలేదు. జ్యూరీ విధించిన మొత్తము రద్దయినది.

పాత ఆధారము యొక్క బలమును మనవారు ఎరుగనిది కాదు. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు పుండ్లు మాన్పుటకు పసుపు వాడు పద్ధతిపై పేటెంటు దొరకినది. మన యిండ్లలో మోకాలు గీరుకొనిన పిల్లవానికి అవ్వ పసుపు పెట్టని దెప్పుడు? అయినను అవ్వ మాట అచ్చటి కార్యాలయమునకు సాక్ష్యము కాదు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములనుండియు, భారతీయ వైద్యసంఘ పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసమునుండియు 32 ఆధారములను చూపిరి. 1997లో పేటెంటు రద్దయినది. వ్రాసి, తేదీ వేసి, అచ్చొత్తించిన కాగితమే నిలిచినది. కంప్యూసర్వ్ దాపుపట్టీ న్యూఎగ్‌ను కాపాడినదియు, ఆ వైద్యపత్రిక పసుపును కాపాడినదియు ఒకే విధముగా.

హక్కు చెల్లినను, ప్రతిసారియు అవతలివాని అంగడిని మూయించుట తగునా యను ప్రశ్న మరియొకటి. వేలముపాటల ఈబే సంస్థపై, ‘ఇప్పుడే కొనుము’ అను స్థిరధర మీట తన పేటెంటునకు చెందినదని మెర్క్ ఎక్స్చేంజి అను సంస్థ వ్యాజ్యమాడెను. 2006లో అమెరికా సుప్రీంకోర్టు అందు చెప్పినదేమనగా, పేటెంటు అతిక్రమింపబడినంత మాత్రమున నిషేధాజ్ఞ తనంతట తాను రాదు, నష్టము ధనముతో తీరునా, ఉభయుల కష్టసుఖములెట్టివి, ప్రజలకేమగును అని కూడ తూచవలెను. తరువాత 2014లో అదే న్యాయస్థానము ఆలిస్ కార్పొరేషన్ వ్యాజ్యములో, ఎల్లరెరిగిన వ్యవహార పద్ధతిని కంప్యూటరుచేత చేయించినంతనే అది పేటెంటునకు అర్హము కాదని ఏకగ్రీవముగా నిర్ణయించినది. ఆ తీర్పు వెలువడిన పిమ్మట ఇట్టి పేటెంటులు పెక్కు న్యాయస్థానములలో నిలువలేదు.

మన దేశమున ఎట్లున్నది? 1970 నాటి పేటెంటు చట్టము మూడవ విభాగమున, ఏవి ఆవిష్కరణలు కావో ఒక పట్టిక కలదు. 2002లో సవరించిన రూపములో అందలి ‘కె’ ఉపవిభాగము గణితపద్ధతి, వ్యాపారపద్ధతి, కేవలము కంప్యూటరు ప్రోగ్రాము, గణనక్రమము అను వీటిని ఆవిష్కరణలుగా లెక్కింపరాదని చెప్పుచున్నది. 2004 చివర ఒక ఆర్డినెన్సు దీనిని సడలింపబోగా, 2005లో పార్లమెంటు ఆ సడలింపును అంగీకరింపక పాత మాటలనే నిలిపినది. ‘కేవలము’ అను పదము చుట్టును వాదములు ఇంకను నడచుచునే యున్నవి. ప్రోగ్రాముతో పాటు యంత్రపు పనితీరే మెరుగుపడునట్టి సాంకేతిక ఫలితమున్నచో పేటెంటు దొరకవచ్చును. వ్యాపారపద్ధతికి మాత్రము ఆ ‘కేవలము’ అను సడలింపు కూడ లేదు. నెట్టుద్వారా ఒకరికి సంగీతము, చలనచిత్రము వంటివి బహుమతిగా పంపు ఏర్పాటునకు ఓపెన్ టీవీ అను సంస్థ పేటెంటు కోరగా, అది వ్యాపారపద్ధతియే యని ఢిల్లీ హైకోర్టు 2023 మే నెలలో నిరాకరించెను. అయితే చట్టములోని యీ నిషేధములను కాలానుగుణముగా పునరాలోచింపవలసియున్నదనియు ఆ తీర్పులోనే సూచించినది.

ఇట్లనుటచేత పేటెంటు అనునదే చెడ్డదని నేను చెప్పుట లేదు. నేతవారి యూరిలో అట్లనుటకు నోరాడునా? ఒక క్రొత్త అంచు కుదుర్చుకొనుటకు ఎన్ని రాత్రులు పట్టునో, దానిని ప్రక్క వీధివాడు ఎన్ని దినములలో దించుకొనునో మీకు నాకంటె బాగుగ తెలియును. కష్టపడినవానికి ఏదో ప్రతిఫలముండవలెను. అది తాళము రూపముననే యుండవలెనా యనునదే నా సందేహము. మన చాదరులపై పూలు లేపు జకార్డు మగ్గమునే చూడుడు. రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా తిరుగుచుండ, రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట అణగియుండును. తరువాతి కాలమున కంప్యూటరునకు పని చెప్పిన రంధ్రపు కార్డులకు మార్గము చూపినది ఈ అట్టలే. కావున పూనాలోని కుమారుడును, షోలాపురములోని తండ్రియును నిజమునకు ఒకే కులవృత్తిలో నున్నారు! ఆ మగ్గమును 19వ శతాబ్ది మొదటి యేండ్లలో ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున జకార్డు రూపొందించెను. అచ్చటి ప్రభుత్వము దానిని ప్రజల సొత్తుగా ప్రకటించి, అతనికి జీవితాంతము భృతియును, నెలకొల్పిన మగ్గమునకింత యని రుసుమును ఏర్పరచినది. కనుగొన్నవాడు పస్తుండలేదు. మగ్గమునకు తాళమును పడలేదు.

ఈ సంగతులన్నియు కార్తికమాసములో ఆ తండ్రికొడుకులను మరల పిలిచి చెప్పితిని. బుట్ట పెట్టుకొనుము, ఒక్క నొక్కు మీటయు పెట్టుకొనుము, కాని ఇతరుల ప్రోగ్రామును ఎత్తి వ్రాసికొనకుము, నీవు వ్రాసినదానికి తేదీలతో దాఖలా ఉంచుకొనుము, అమెరికాకు సరుకు పంపునాడు అచ్చటి న్యాయమెరిగినవానిని ఒకసారి అడుగుము అంటిని. కుమారుని ముఖము తేటపడెను.

తండ్రి మాత్రము చేతిసంచిలోనుండి ఒక చాదరు తీసి నా ముందు పరచెను. నెమలికంఠపు రంగు నేలకు ముదురు కుంకుమ అంచు, అంచులో చిన్న మామిడిపిందెలు. “సారూ, వాని బుట్ట సంగతి సరే. ఈ అంచు నాది. దీపావళికి దుకాణములో వ్రేలాడదీసిన పదునైదు రోజులకే మరి మూడు దుకాణములలో కనబడె. దీనికేమన్న ఉన్నదా?” అని యడిగెను.

ఉన్నది. అది పేటెంటు కాదు, 2000 నాటి డిజైనుల చట్టము. వస్తువు రూపమును, నమూనాను, అలంకారమును దాఖలు చేసికొన్నచో 10 సంవత్సరములును, మరల కోరినచో ఇంకొక 5 సంవత్సరములును రక్షణ లభించును. కాని దాఖలు చేయునాటికి ఆ నమూనా ఎక్కడను బయట పడియుండరాదు. దుకాణములో తాను వ్రేలాడదీసిన చాదరే తనకు ఎదురు సాక్ష్యమగును. ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు గాని చెప్పక తప్పలేదు.

అతడు కొంతసేపు మామిడిపిందెలను వ్రేలితో తడవుచు కూర్చుండెను. పిమ్మట చాదరును మడతపెట్టి సంచిలో ఉంచుకొని, సంక్రాంతికి వేరొక అంచు మనసులో నున్నదనియు, దాని కాగితము ముందు కుమారునిచేత దాఖలు చేయించిన తరువాతనే అట్టలు పొడిపించెదననియు చెప్పి లేచెను.